నలభై ఒకటో రోజు నీళ్ళు

ఆగస్టు 4

ఎరువుల కొట్టువాడు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా రైతులకు ఒక సలహా ఉంది. ఈ రోజు పేజీకి జింకు లోపం. అమ్మమ్మల లోపాలకు పేజీ కేటాయించలేదు.

రూపను, పిల్లను ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం తెచ్చాం. నాలుగు రోజుల పిల్ల. మూడు కేజీల నూట యాభై గ్రాములు. తల్లి ఉంటే ఈ పురుడు తల్లి పోసేది. నా కూతురు డెంగీతో పోయేనాటికి రూప తొమ్మిదో తరగతి. తండ్రి విజయనగరంలో వేరే సంసారం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి దానికి తల్లినీ నేనే, అమ్మమ్మనీ నేనే. దీని గురించి ఏడవవలసినదంతా ఎప్పుడో ఏడ్చేశాను.

గుమ్మంలో దిష్టి తీయగానే రూప పిల్లను నా చేతుల్లో పెట్టింది. "నువ్వే ముందు ఎత్తుకోవాలమ్మమ్మా" అంది.

ఎత్తుకున్నాను. రెండు నిమిషాలు. పాలకి ఏడుస్తోందని తిరిగి ఇచ్చేశాను.

పిల్ల ఏడవలేదు.

ఆగస్టు 5

ఇన్‌స్పెక్టరు గారు తెల్లవారకముందే వేంచేశారు. నొప్పికి ఆ పేరు పెట్టి ఆరేళ్ళయింది. చెప్పకుండా వస్తాడు, కూర్చున్న కుర్చీ వదలడు, పోయేటప్పుడు రిపోర్టు రాసి మరీ పోతాడు. రిపోర్టు వేళ్ళ కణుపుల మీద చదువుకోవచ్చు. అనకాపల్లి డాక్టరు దీన్ని కీళ్ళవాతం అన్నాడు. వారానికొక మాత్ర రాసి, "ఇది పోయేది కాదండీ, సర్దుకుపోవాలి" అన్నాడు. సర్దుకుపోవడంలో నాకు యాభై రెండేళ్ళ అనుభవం ఉందని, ఆ అనుభవం బయట వరండాలో కూర్చుని పేపరు చదువుతోందని చెప్పాను. మా ఆయన గణపతిరావు గారు విన్నారు. పేపరు తిప్పారు.

నవంబరు ఒకటిన రూప కాలేజీకి వెళ్ళాలి. గాజువాకలో ప్రైవేటు జూనియర్ కాలేజీ, కెమిస్ట్రీ. మూడు నెలలే సెలవు. ఒక్కరోజు ఎక్కువైనా ఇంకొకరిని చూసుకుంటామన్నారట. దాని మొగుడు దిలీప్‌వి షిఫ్టులు. రూపకు ఏడో నెలలోనే మాట ఇచ్చాను: "నీ పిల్లను నేను చూస్తాను, నువ్వు పాఠం చెప్పుకో."

అప్పుడు చేతులు కొంచెం బాగుండేవి. కొంచెం.

ఆగస్టు 6

నీళ్ళు పోయడానికి అచ్చియ్యమ్మ కుదిరింది. ఈ పేటలో సగం మందికి వాళ్ళు పుట్టిన వారం నుంచి ఆమె చేతులు తెలుసు. నలభై రోజులు, తల్లికీ పిల్లకీ. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఒక చేత్తో మెడ కింద పట్టు, ఇంకో చేత్తో చెంబు. నా కూతురికీ, రూపకూ నేను అలాగే పోశాను. ఇప్పుడు చూస్తే సర్కస్‌లా ఉంది.

ఇద్దరికీ అయ్యాక, వావిలాకు వేసి కాచిన నీళ్ళు కాగులో సగం మిగిలాయి.

"వాయిలాకు బాగా దిగినాది మేస్టరమ్మా. పారబోసీమంటారా?"

"పారబోయడం ఎందుకు? నా చేతుల మీద పొయ్యి" అన్నాను.

చేతులకని మొదలైంది. ముందు నూనె పెట్టింది. ఒక్కొక్క వేలూ విడిగా పట్టుకుని మొదలు నుంచి గోరు దాకా లాగింది. తర్వాత భుజాలన్నది, తర్వాత వీపన్నది. చెంబు ఒంటి మీద వంగిన ప్రతిసారీ నా నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. మర్యాదస్తుల ఇళ్ళలో వినపడే చప్పుడు కాదు. ఎనిమిదో చెంబుకి కళ్ళు మూసుకున్నాను. ఆకు వాసన, పొగ వాసన. నా చేతులు ఎక్కడున్నాయో కాసేపు నాకే తెలియలేదు. ఆరేళ్ళలో అలా మర్చిపోవడం అదే మొదలు.

నీళ్ళు వృథా కాకూడదనే పోయించుకున్నాను.

ఆగస్టు 7

ఆలోచిస్తే ఇందులో లెక్క ఉంది. నలభై రోజుల నూనె, నీళ్ళతో బాలింత ఒళ్ళు గట్టిపడుతుందని అందరూ ఒప్పుకున్నదే. డెబ్బై రెండేళ్ళ ఒంటికి అది వర్తించదని ఎవరూ నిరూపించలేదు. నలభయ్యో రోజు సెప్టెంబరు తొమ్మిది. నవంబరు ఒకటికి బోలెడు వ్యవధి.

అచ్చియ్యమ్మతో చెప్పాను, రోజూ నాకు కూడా పొయ్యమని.

"పోస్తాను గానీ అమ్మా, దీంతోటి నొప్పి పోదు. వొల్లు సుకపడతాది, అంతే."

"నువ్వు పొయ్యి. మిగతాది నేను చూసుకుంటాను."

"మిగతాదేటున్నాదమ్మా సూసుకోడానికి?"

ప్రశ్నలకు ప్రశ్నలతో జవాబు చెప్పేవాళ్ళను నా క్లాసులో నిలబెట్టేదాన్ని.

ఆగస్టు 9

పెన్ను పట్టలేదు.

ఆగస్టు 11

పదకొండో రోజు పురుడు. కె.కోటపాడు నుంచి వియ్యపురాలు, దిలీప్ తల్లి నరసమ్మ బస్సు దిగింది, చేటెడు వెల్లుల్లిపాయలతో, దానికి రెట్టింపు సలహాలతో. గాజువాక వెళ్ళి పిల్లను చూసుకునే పని తన మీద పడుతుందేమోనని ముందే కంచె వేసింది.

"నాకు గేదెలున్నాయి వదినగారూ. గాజువాకలో ఏ బాల్కనీలో కట్టమంటారు? ఐనా మీరుండగా మాకేటి బెంగ. మీ సేతికింద ఎంతమంది పెరగలేదు?"

"నా చేతికింద పెరిగినవాళ్ళకి లాగూలు వాళ్ళ అమ్మలే తొడిగి పంపేవారు" అన్నాను. నవ్వేసింది. నవ్వుతూనే ఉచ్చు బిగించింది.

"ఇంటికి పెద్దోరు. ఇయ్యాల గుంటకి, నా మనవరాలికి, నీల్లు మీరే పొయ్యాలి. కాల్లమీదేసుకోండి."

అందరూ నా వైపు చూశారు. రూప తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"పెద్దవాళ్ళు చేయవలసింది ధూపం" అన్నాను. "నీళ్ళు ఎవరైనా పోస్తారు." అలాంటి ఆచారం ఎక్కడా లేదు. అప్పుడే పుట్టించాను. హెడ్మిస్ట్రెస్ గొంతుతో చెబితే ఏదైనా ఆచారమే. అచ్చియ్యమ్మ ఒక్కతే నా చేతుల వంక చూసి, పీట తన వైపు లాక్కుంది.

ఆగస్టు 14

నీళ్ళతోపాటు సాధన కూడా ఉండాలి. దిండు గలేబులో బియ్యం పోసి, మూతి ముడివేసి, పిల్ల తువ్వాలు చుట్టాను. బరువు సరిగ్గా ఉండాలని స్ప్రింగు కాటా ఈయన చేతికిచ్చాను. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు చెరకు బళ్ళు తూచిన మనిషి.

"దేనికి?"

"చేతి ఎక్సర్‌సైజు."

"మూడూ మూడొందలు. పిల్ల బరువే పెట్టేవు."

"కాకతాళీయం."

తలుపు వేసుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి పన్నెండుసార్లు నడిచాను. ఎత్తడం, ఉయ్యాలలో పడుకోబెట్టడం, మళ్ళీ ఎత్తడం. బాగా జరిగింది.

బియ్యం పాపకు పాలు, ఏడుపు లేవు. ఆదర్శ శిశువు.

ఆగస్టు 19

నీళ్ళు పూర్తి స్థాయికి చేరాయి. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, మంచం కింద కుంపట్లో సాంబ్రాణి. మంచం మీద దుప్పటి కప్పుకుని నేను. రూప గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కుట్లు లాగుతున్నాయి, నవ్వించకు అని నన్నే తిట్టింది.

"తాతగారూ, ఇంట్లో ఇద్దరు బాలింతలు. చూసేరా?"

"చూసేను. రెండో ఆవిడకి పథ్యం పెడితే బాగుణ్ణు. మాట తగ్గుతాది" అన్నారాయన.

నవ్వనీ. వీళ్ళకు తెలియనిది ఒకటుంది. నా కూతురు పుట్టినప్పుడు నాది దేవరాపల్లిలో టెంపరరీ పోస్టు. సెలవు పెడితే పోస్టు పోయేది. పద్దెనిమిదో రోజున స్కూల్లో ఉన్నాను. తొమ్మిదో తరగతి, వృత్తాలు. బోర్డు మీద స్పర్శరేఖ గీస్తుంటే రవికె తడిసింది. పిల్లల వైపు తిరగకుండా, బోర్డుకేసి నిలబడే మిగతా పీరియడంతా చెప్పాను. ఆ రోజు బోర్డు మీద ఎన్ని వృత్తాలు గీశానో. దాని గురించి నలభై ఏళ్ళు గర్వపడ్డాను. స్టాఫ్ రూములో కొత్తగా వచ్చిన అమ్మాయిలు నడుము నొప్పి అంటే ఆ కథ చెప్పేదాన్ని. పాపం, వాళ్ళు నోరు మూసుకుని క్లాసుకి పోయేవాళ్ళు.

ఆ పోస్టు నిలబడింది కాబట్టే తర్వాత అన్నీ నిలబడ్డాయి. రూపది కూడా నిలబడాలి. అందుకే ఈ నీళ్ళు. సుఖానికి కాదు.

ఈ రోజు నుంచి రెండో కాఫీ కూడా. అది కూడా సాధనలో భాగమే.

ఆగస్టు 23

పిల్ల బరువు పెరిగింది కదా అని గలేబులో బియ్యం పెంచమని ఈయనకిచ్చాను. కాటాకి తగిలించి చాలాసేపు చూశారు.

"మూడూ మూడొందలు కట్టేం. రెండూ తొమ్మిదొందల యాభై ఉంది. తరుగెలా వొచ్చింది?"

"ఎలకలు."

"ఎలకలు గలేబు కొరకవా? ముడి దగ్గిర్నించి మర్యాదగా తీసుకెళ్ళేయా?"

"చదువుకున్న ఎలకలు."

ఆయన మూడూ ఎనిమిదొందలు చేసి, ముడి తనే గట్టిగా వేసి ఇచ్చారు. చీపురు కూడా తెచ్చి గది తలుపు వెనక పెట్టారు. ఎందుకో మరి.

ఆగస్టు 27

ఇరవై నిమిషాలు మోశాను. ఏమీ కాలేదు.

ఆగస్టు 28

అరగంట. ఏమీ కాలేదు.

ఆగస్టు 31

ఇన్‌స్పెక్టరు.

సెప్టెంబరు 2

గాజువాక తీసుకెళ్ళవలసినవి రూప రాసుకుంటోంది. నా కుర్చీ, నా వేడినీళ్ళ సంచి, సైకిల్ ట్యూబు చుట్టిన నా లావుపాటి పెన్ను కూడా రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"చేతులెలా ఉన్నాయమ్మమ్మా?"

"దివ్యంగా."

"నిజం చెప్పు. రోజంతా నువ్వొక్కర్తివే ఉండాలి. తాతగారు పిల్లని ముట్టుకోరు కదా."

"నిజమే చెప్తున్నాను. అచ్చియ్యమ్మ నీళ్ళ మహిమ."

అది లేచి వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. "నువ్వు లేకపోతే రేపే రిజైన్ చేసేదాన్ని" అంది.

రాత్రి అన్నం కలపడానికి స్పూను తీసుకున్నాను. వేడిగా ఉందని చెప్పాను. అన్నం పొద్దుటిది.

సెప్టెంబరు 6

రాయాలి. ఎంతసేపు పట్టినా.

పొద్దున్న నీళ్ళయ్యాక పిల్ల మంచం మీద నిద్రపోయింది. రూప పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. పిల్ల దగ్గర నేనున్నాను, తలుపు దగ్గరగా వేసి ఉంది. ఉయ్యాల ఖాళీగా ఉంది కదా అని బియ్యం పాపను తీశాను. ఇప్పుడు నాలుగూ రెండొందలు. తువ్వాలు చుట్టి, భుజానికి ఎత్తి, ఉయ్యాల మీదికి వంగాను. కుడి మణికట్టు నాది కాకుండా పోయింది. నొప్పి కూడా లేదు. పట్టు లేదు, అంతే.

చప్పుడైంది. నాలుగు కేజీల రెండువందల గ్రాములు గచ్చు మీద పడితే వచ్చే చప్పుడు.

రూప పరుగెత్తుకొచ్చింది. తలుపు తోసింది. ముందు దానికి కనిపించింది నేల మీద పిల్ల తువ్వాలు.

ఆ ముఖం గురించి రాయను.

తర్వాత మంచం వైపు చూసింది. పిల్ల చప్పుడుకి ఉలిక్కిపడి, మళ్ళీ నిద్రలోకి జారుకుంటోంది. రూప మంచం దాకా వెళ్ళి పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచింది. చాలాసేపు. అప్పుడు వంగి తువ్వాలు తీసింది. గలేబు కుట్టు విడిపోయింది. బియ్యం మంచం కిందిదాకా పోయాయి.

"ఏటిది?" అంది. చదువుకున్న పిల్ల, భయమేస్తే పేట భాషలోకి వచ్చేస్తుంది.

చెప్పాను. రెండు వాక్యాల్లో అయిపోయింది.

"ఎన్నిసార్లు పడింది?"

కొంగు మణికట్టుకి చుట్టుకున్నాను.

"అమ్మమ్మా. ఎన్నిసార్లు?"

ముప్పయ్యారేళ్ళు పేపర్లు దిద్దాను. ఎవరెన్ని కబుర్లు చెప్పినా మార్కులు మార్చలేదు. "పదకొండు" అన్నాను.

"పధ్నాలుగు" అన్నారు గుమ్మంలోంచి గణపతిరావు గారు. "తరుగు బట్టి."

రూప ఆయన వైపు తిరిగింది. "మీకు తెలుసా? తెలిసి ఊరుకున్నారా?"

ఆయన తల దించుకున్నారు. "ఆవిడే చెప్తాదని చూస్తన్నానమ్మా" అన్నారు.

రూప గచ్చు మీద కూర్చుని బియ్యం చేతులతో పోగు చేయసాగింది. తడి జుట్టు, బాలింత ఒళ్ళు. వద్దని అనలేకపోయాను. వంగి సాయం చేయలేకపోయాను. గింజ పట్టుకునే వేళ్ళు కావు ఇవి.

"నువ్వు ఎత్తుకోలేవని కాదమ్మమ్మా" అంది, తల ఎత్తకుండా. "రేపు గాజువాకలో నేను కాలేజీలో ఉండగా పిల్ల పడుంటే, నాకు చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని."

"ఎన్నోసారి పడ్డాక?"



ఇప్పుడు ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. బియ్యం పాప పడిందని ఒక్క పేజీలోనూ లేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

సెప్టెంబరు 7

రూప నాతో మాట్లాడుతోంది. "కాఫీ ఇమ్మంటావా?" "మాత్ర వేసుకున్నావా?" అలాంటివి. పిల్లను మాత్రం నా పక్కన పడుకోబెట్టి వెళ్ళలేదు.

అచ్చియ్యమ్మ వాళ్ళిద్దరికీ పోసి నా కోసం పీట కడిగింది. వద్దన్నాను.

"ఏటమ్మా, జొరమా?"

"కాదు. పనికిరాని చేతులకి నూనె ఎందుకు?"

సెప్టెంబరు 8

వద్దన్నాను. రెండో కాఫీ కూడా.

ఈ రెండు రోజుల్లో తేడా తెలిసింది. నీళ్ళకి ముందూ నొప్పి ఇంతే. నీళ్ళప్పుడూ ఇంతే. కాని రోజులో ఒక గంట అది నన్ను వదిలి పెరట్లో కూర్చునేది. ఆ గంట ఇప్పుడు లేదు.

సెప్టెంబరు 9

నలభయ్యో రోజు. బాలింతకు చివరి నీళ్ళు. అచ్చియ్యమ్మకు చీర పెట్టాం.

రూప కాలేజీకి ఫోన్ చేసి జీతం లేకుండా రెండు నెలలు అడిగింది. చూసి చెబుతామన్నారట. చూసి చెబుతామనే మాటకి అర్థం నాకు తెలుసు. ఎంతోమందికి ఆ మాట నేనే చెప్పాను. ఫోన్ పెట్టేశాక అది కిటికీ దగ్గర నిలబడింది. నాకు మళ్ళీ ఆ బోర్డు, ఆ వృత్తాలు గుర్తొచ్చాయి. పోస్టు కోసం నేను పిల్లను వదిలి వెళ్ళాను, ఇది పిల్ల కోసం పోస్టు వదులుకుంటుందేమో. రెంటికీ మధ్య ఒక జత చేతులు కావాలి, అంతే. అవి నావి కావు.

సాయంత్రం వరండాలోకి వెళ్తే గణపతిరావు గారు గలేబు కుట్టుకుంటున్నారు. లోపల బియ్యం నింపి, తూచి, తువ్వాలు చుట్టి, భుజం మీద వేసుకున్నారు. బస్తా మోసినట్టు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, కన్నకూతుర్ని కూడా ఎత్తుకున్నది నేను చూడలేదు.

"తల వేలాడుతోంది" అన్నాను.

"బియ్యానికి తలేటే?"

"ముడి ఉన్న వైపు తల. మెడ కింద చెయ్యి పెట్టండి. అలా కాదు. అరచెయ్యి మొత్తం."

పెట్టారు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచారు. చేతులు వణికాయి గాని, పట్టు ఉంది. రూప కిటికీలోంచి చూస్తోంది. నవ్వలేదు. కాని అక్కడ నుంచి పోలేదు కూడా.

"రూపా" అన్నాను, అటు తిరగకుండా. "ఆరు సెప్టెంబరుకి ముందు నేను చెప్పినవన్నీ కొట్టెయ్యి. నాకు చేతకాదు. జూలై నుంచీ చేతకాదు."

కిటికీలోంచే, "తాతగారి మోచెయ్యి ఇంకొంచెం పైకుండాలి" అంది.

సెప్టెంబరు 10

పొద్దున్నే పెరట్లో పొగ. చూస్తే అచ్చియ్యమ్మ కాగు కింద కొబ్బరి డొక్కలు ఎగదోస్తోంది. పక్కన చెయ్యెత్తు వావిలాకు కట్ట.

"నిన్నటితో అయిపోయింది కదా" అన్నాను.

"బాలింతకైపోనాది."

"మరి ఎవరికి?"

"రండమ్మా. నీల్లు సల్లారిపోతాయి."

"అచ్చియ్యమ్మా, నీకు చెప్పాను. ఈ చేతులు ఇంక దేనికీ రావు. గాజువాకలో పిల్లను ఎత్తేది ఆయన. నేను కుర్చీలో కూర్చుని నోటితో పెంచుతాను. దానికి నూనె అక్కర్లేదు."

ఆమె చెంబు నీళ్ళలో ముంచి, వేడి చూసి, ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపింది. తొందరేమీ లేదు ఆమెకు.

"ఆ గుంట ఏటి పని సేస్తాదమ్మా?" అంది. "పాలు తాగతాది, తొంగుంటాది. నలబై రోజులు పోసేను. ఇది దేనికి పనికొస్తాదని ఒక్కనాడైనా అడిగేరా నన్ను?"

తొమ్మిదో తరగతికి చెప్పవలసినంత సులువైన సంగతి. నాకు డెబ్బై రెండేళ్ళకు అందింది. అదీ నీళ్ళు పోసే మనిషి చెబితే.

పీట మీద కూర్చున్నాను. బొటనవేలు దగ్గర మొదలుపెట్టింది. నొప్పి ఉంది. ఎనిమిదో చెంబు దాకా అక్కడే ఉంది, తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళింది. గోడ అవతల ఈయన బియ్యం పాపకు ఏదో చెబుతున్నారు. ఫ్యాక్టరీ రోజుల కబుర్లు. కాలేజీ నుంచి ఫోన్ ఇంకా రాలేదు.

ధూపం అయ్యాక దుప్పటి కప్పుకుని పడుకున్నాను. రూప వచ్చి, మంచం గోడ వైపున, నా మోచేతికి ఆనించి పిల్లను పడుకోబెట్టింది. ఎత్తుకోమని అనలేదు. "చూస్తూ ఉండు" అని వెళ్ళిపోయింది.

చూస్తూ ఉన్నాను.

ఈ రోజు నీళ్ళు పోయించుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎందుకూ కాదు.